ప్రశ్న ఆగయ్యది, జవాబూ ఆగయ్యదే

ఆగయ్య గురించి రాద్దామని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. మంచివాడని రాస్తే ఆయనే వచ్చి ఆ మాట కొట్టేయిస్తాడు. చెడ్డవాడని రాయడానికి నాకు చెయ్యి రాదు. పదకొండేళ్లుగా మా సమాజం మినిట్స్ పుస్తకం రాస్తున్న చెయ్యి ఇది. ఎవరు ఏమడిగారు, ఎవరు ఏం చెప్పారు అన్నది రెండు ముక్కల్లో తేల్చేయడం దానికి అలవాటు. ఈ ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి ఏ ముక్క ఎటు పెట్టాలో అర్థం కాకుండా పోయింది.

ముందు నా సంగతి చెప్పేస్తాను. నా పేరు నరహరి. సూరత్‌లో లింబాయత్ వైపు పెళ్లి కార్డులు అచ్చు వేసే చిన్న దుకాణం ఉంది. కార్డుకు ఒకవైపు తెలుగు, రెండోవైపు గుజరాతీ. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే పిల్లల్ని పెంచుకున్న పద్మశాలి కుటుంబాలు మా గల్లీల నిండా ఉన్నాయి. ఆ సమాజానికి నేను కార్యదర్శిని. తెలివైనవాణ్నని కాదు, తప్పుల్లేకుండా తెలుగు రాసేవాడు ఇంకొకడు దొరక్క. ఆ తప్పుల్లేకుండా అన్న మాట కూడా ఆగయ్య ఒప్పుకోడు.

ఆయనది సిరిసిల్ల దగ్గరి పల్లె. పంతొమ్మిదో ఏట ఇక్కడికి వచ్చి పద్నాలుగేళ్లు మగ్గాలు నడిపాడు. ఆ మోతకు ఒక చెవి మందగించింది కానీ కన్ను పదునెక్కింది. అది కనిపెట్టిన సేఠ్ ఆయన్ని బట్ట చూసే బల్ల దగ్గరికి మార్చాడు. మగ్గం నుంచి దిగిన నూరు మీటర్ల చుట్టను ఇక్కడ టాకా అంటారు. కింద ట్యూబ్‌లైటు వెలిగే అద్దం బల్ల మీదుగా టాకాను లాగుతూ పోతే, పోగు తప్పిన చోటు, నూనె మరక పడ్డ చోటు బయటపడతాయి. అక్కడ అంచుకు జానెడు ఎర్ర నూలు ముడివేసి వదిలేయాలి. బాగు చేయడం ఆయన పని కాదు. ఎవరు నేశారని అడగడమూ ఆయన పని కాదు. కొనేవాడు అంచున వేలాడే దారాలు చూసుకుంటాడు, అంతే. ఇరవై రెండేళ్లుగా ఆగయ్య చేస్తున్నది ఇదే.

ఆ కన్ను ఇంటికి వచ్చాక కూడా మూతపడదు. అన్నంలో రాయి వస్తే ఆయన భార్య కనకవ్వ, "దొరికింది గద, ఇగ నిమ్మలంగ తిను" అంటుంది. ఒకసారి నా దుకాణానికి వచ్చి, ఎవరిదో పెళ్లి కార్డు చేతిలో పట్టుకుని, పదకొండో తారీఖు బుధవారం కాదు, గురువారమన్నాడు. అప్పటికే నాలుగు వందల కార్డులు పంచేశారు. నాకు ఒళ్లు మండింది. క్యాలెండర్ తీసి చూస్తే గురువారమే. అప్పుడు ఇంకా మండింది. ఆ వారమంతా ఆయన ఎదురొస్తే గల్లీ మార్చాను.

మా సమాజం పెద్ద మీటింగు ఏటా నూలు పున్నమి నాడు, అంటే రాఖీ పౌర్ణమి నాడు జరుగుతుంది. కొత్త జంధ్యాలతో, చేతికి రాఖీలతో పొద్దున పదింటికల్లా హాలు నిండిపోతుంది. హాలు మొదటి అంతస్తులో ఉంది. వేదిక మీద కుర్చీల్లో కమిటీవాళ్లు, కింద జంపఖానాల మీద జనం. జంపఖానా మీద ఉన్నవాళ్లు అడగాలి, కుర్చీల్లో ఉన్నవాళ్లు జవాబు చెప్పాలి. ఇది ఎక్కడా రాసి లేదు, అయినా ఎవరూ తప్పరు. ఎడమవైపు రెండో స్తంభం పక్కన ఆగయ్య కూర్చునేవాడు. వరసగా మూడు నూలు పున్నములు ఆయన అడిగింది ఒకటే. హాలు మెట్ల రెయిలింగు పై కొసన సిమెంటు వదిలి ఊగుతోంది, ఎప్పుడు చేయిస్తారు అని. నా పుస్తకంలో మూడు చోట్లా ఒకటే ఉంది. అధ్యక్షుల జవాబు: చూద్దాం.

అధ్యక్షుడు రాంప్రసాద్. ఒకప్పుడు ఆగయ్య పక్క మగ్గం మీదే పనిచేశాడు. ఇద్దరూ ఒకే టిఫిను డబ్బాలో తిన్నారు. తర్వాత ఆయన షెడ్డు పెట్టాడు, రెండుసార్లు కార్పొరేటర్ అయ్యాడు, తాపీ నది అవతల అడాజన్‌లో ఫ్లాటు కొన్నాడు. ఇప్పుడు కారులో వస్తాడు. చెడ్డవాడైతే నాకు ఈ రాత సులువయ్యేది. మా వాళ్లలో ఎవరు జబ్బుపడ్డా దవాఖానాలో మంచం దొరకడానికి ఆయన ఫోను చాలు. చనిపోయినవాళ్లను ఊరికి తోలించడానికి ఆయనే అంబులెన్సు మాట్లాడతాడు. కాకపోతే ఒక్క మాట పడలేడు. ఎవరైనా తప్పు చూపిస్తే, తను చేసినవన్నీ లేకుండా పోయినట్టు ఆయన ముఖం వాడిపోతుంది.

మూడోసారి ఆగయ్య అడిగినప్పుడు ఎవరో ఫోనులో తీసి వాట్సాప్‌లో పెట్టారు. గ్రూపుల్లో తిరిగింది, నవ్వే బొమ్మలు కూడా పెట్టారు. మర్నాడు రాంప్రసాద్ నా దుకాణానికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"దవాఖాన్ల తిరిగిన, అడ్మిషన్లు జేపిచ్చిన, సచ్చినోళ్లను ఊరికి తోలిచ్చిన. ఆయనకు రేలింగు ఒక్కటే కనవడుతదా నరహరీ?"

నాకు జాలేసింది. ఆ జాలిలో ఒక తెలివి పుట్టింది. ఆగయ్యనే హాలుకు ఇన్‌చార్జిగా పెడదాం, అడగడం ఆగిపోతుంది, పని కూడా అవుతుంది అన్నాను. ఈ రెండింటిలో నాకు ఏది కావాలని ఆ మాట అన్నానో ఇప్పటికీ చెప్పలేను. రాంప్రసాద్ నా వైపు చూసి, నీ బుర్రకు ఏదో ఒక సన్మానం చెయ్యాలి అని నవ్వాడు. నాకు గర్వంగా అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, అలాగని తప్పు సలహా అని కూడా అనలేను.

కానీ అది వెంటనే జరగలేదు. ఉగాది మీటింగులో ప్రకటించారు. ఆగయ్యకు శాలువా కప్పి వేదిక మీద చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం రైల్లో వేరేవాళ్ల సీటులో కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. దిగి వచ్చాక నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"అడిగేటోణ్ని కుర్సీల గూసోబెడితిరి. ఇగ అడిగేదెవరు?"

అడగడం అయింది కదా, ఇప్పుడు చేసి చూపించు అన్నాను. ఆ మాట ఆయనకు తగిలింది. పన్నెండు గంటలు బల్ల ముందు నిలబడి వచ్చి, రోజూ సాయంత్రం హాలుకు పోవడం మొదలుపెట్టాడు. కుళాయిలు మార్పించాడు, ఫ్యాన్లు కడిగించాడు, చెప్పుల స్టాండు చేయించాడు. రెయిలింగు కోసం వెల్డింగు పనివాణ్ని పిలిపించాడు. అతను అతికిన చోట సందు కనిపించిందని పని ఆపించి పంపేశాడు. రెండోవాడు తెచ్చిన పైపు పలచగా ఉందని తిప్పి పంపాడు. మూడోవాడు కొలత తీస్తే వేలెడు వంకర వచ్చింది. వాడు కోపంతో, మీకు రేలింగు కావాలా, పట్టుచీర కావాలా అని అడిగి వెళ్లిపోయాడట. ఆగయ్య నాకు ఈ మూడు తప్పులూ పూసగుచ్చినట్టు చెప్పాడు. చెబుతున్నప్పుడు ముఖంలో వెలుగు. రెయిలింగు మాత్రం ఊగుతూనే ఉంది.

అలాగని ఊరుకోలేదు. సిమెంటు వదిలిన చోట జానెడు ఎర్ర నూలు ముడివేశాడు. ఒక బోర్డు పెట్టరాదా అని నేనంటే, దారం కట్టాక బోర్డెందుకని నన్నే ఎగాదిగా చూశాడు. ఆయన కార్ఖానాలో సేఠ్ నుంచి ఊడ్చేవాడిదాకా ఎర్ర దారం అంటే ఏమిటో తెలుసు. ప్రపంచమంతా ఆ కార్ఖానాలాగే ఉంటుందని అనుకున్నాడు పాపం. నేను కూడా ఇంకేం అనలేదు.

బాలవ్వ మా గల్లీ చివర ఉంటుంది. డెబ్బై దగ్గరపడింది. ఇంట్లోనే కూర్చుని ఎంబ్రాయిడరీ చీరల మీద మిగిలిపోయిన దారాలు కత్తిరిస్తుంది. ఆ పనిని ఇక్కడ ధాగా కటింగ్ అంటారు. చిన్న కత్తెర ఎప్పుడూ నడుముకు కట్టుకునే ఉంటుంది. మంగళవారం భజనకు హాలుకు వస్తుంది. నూలు పున్నమి ఇంకో పది రోజులుందనగా, భజన అయి మెట్లు దిగుతూ ఆ రెయిలింగు పట్టుకుంది. అది ఊడి వచ్చింది. ఆమె ఆరు మెట్లు దొర్లింది. కుడి మణికట్టు విరిగింది.

కబురు అందగానే నేనూ ఆగయ్యా దవాఖానాకు పోయాం. రాంప్రసాద్ మాకంటే ముందే వచ్చి డాక్టరుతో మాట్లాడుతున్నాడు. ఆగయ్య మంచం పక్కన నిలబడి, ఎర్ర దారం కట్టాను కదా అవ్వా, చూసుకోలేదా అని అడిగాడు. బాలవ్వ తల ఊపింది.

"ఔ, పోయిన మంగళారం చూసిన. యేలాడుతుంటె కత్తెర దీసి కోసేసిన. దినాం నూరు చీరల దారాలు కోసే చెయ్యి బిడ్డా, ఊకుంటదా? అది పెట్టిన దారమో, మిగిలిన దారమో నాకేం ఎరుక."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రాంప్రసాద్ మాత్రం వెంటనే తేరుకున్నాడు. నన్ను వరండాలోకి పిలిచి, ఆగయ్య గుర్తు పెట్టాడు, అవ్వ తీసేసింది, ఇందులో ఎవరి తప్పూ లేదు, అలాగే నివేదిక రాయమన్నాడు. "ఆగన్న పేరు ఖరాబు గావొద్దు" అన్నాడు. తనను మూడేళ్లు నిలదీసిన మనిషి పేరు కాపాడుతున్నాడు. అది మంచితనమా, ఆ చాటున తన మూడేళ్లు దాచుకోవడమా? రెండూనేమో. బాలవ్వ మందుల సంగతి, ఇంటి సంగతి అంతా తనే చూసుకుంటానని ఆమెకు చెప్పి మరీ వెళ్లాడు.

నేను రాశాను. "సూచనగా కట్టిన గుర్తును బాలవ్వ గారు పొరపాటున తొలగించినందున ప్రమాదం సంభవించినది." గారు అని పెట్టాను కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఆమెకు చదువు రాదు. మీటింగులో చదివి ఆమోదిస్తే, విరిగిన చేతికి కారణం ఆమే అని పుస్తకంలో ఉండిపోతుంది. ఆ కాగితం ఆగయ్యకు చూపించాను. రెండుసార్లు చదివి, ఒక్క తప్పు కూడా చూపించకుండా తిరిగి ఇచ్చాడు. ఆ మనిషిని నేనెరిగిన ఇన్నేళ్లలో అలా జరగడం అదే మొదటిసారి. భయమేసింది.

నూలు పున్నమి వచ్చింది. హాలు కిటకిటలాడింది. బాలవ్వ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆగయ్య వేదిక మీద తన చివరి కుర్చీలో ఉన్నాడు. నేను నివేదిక చదివాను. బాలవ్వ పేరు రాగానే ఆమె తల పైకెత్తి, తనను మెచ్చుకున్నారనుకుందో ఏమో, మంచి చేతితో దండం పెట్టింది. నాకు ఆ తర్వాతి వాక్యం కనిపించలేదు. ఎలాగో పూర్తి చేశాను. ఎవరికైనా అడిగేది ఉందా అని రాంప్రసాద్ అడిగాడు.

ఎవరూ లేవలేదు. అందరి కళ్లూ ఎడమవైపు రెండో స్తంభం దగ్గరికి పోయాయి. అక్కడ అడిగేవాడు ఇప్పుడు కుర్చీలో ఉన్నాడు. ఇక ఆమోదమే అన్నట్టు రాంప్రసాద్ పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

అప్పుడు ఆగయ్య లేచాడు. వేదిక దిగి, ఎవరి కాళ్లూ తొక్కకుండా జనాన్ని జరుపుకుంటూ పోయి, స్తంభం పక్కన తన చోట కూర్చున్నాడు. కూర్చుని చెయ్యి ఎత్తాడు. మైకు ఆయన దగ్గరికి పోయింది.

"హాలు ఇన్‌చార్జి ఆగయ్యను అడుగుతున్న. నాలుగు నెలలాయె. రేలింగు ఎందుకు జేపియ్యలే?"

జనం గొల్లుమన్నారు. ఆయన నవ్వలేదు. మైకు పక్కవాడికిచ్చి, మళ్లీ అందర్నీ దాటుకుంటూ వేదిక ఎక్కి, తన కుర్చీ ముందు నిలబడి రాంప్రసాద్ ముందున్న మైకు తీసుకున్నాడు. నేను పెన్ను పట్టుకుని ఉన్నాను కానీ ప్రశ్న కింద ఎవరి పేరు రాయాలో, జవాబు కింద ఎవరి పేరు రాయాలో తోచలేదు.

"ముగ్గురు వెల్డింగోళ్లు వచ్చిన్రు. ముగ్గురి పనిల తప్పు దొరికింది. తప్పు దొరికితె నాకు పని అయిపోయినట్టే ఉంటది. గది నా అలవాటు. దారం గట్టిన, బోర్డు పెట్టలే. అవ్వ తప్పు ఏం లేదు. ఈ నాలుగు నెలలది నాది."

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆయన మళ్లీ దిగాడు. మళ్లీ స్తంభం పక్కన కూర్చుని చెయ్యి ఎత్తాడు. మైకు ఇచ్చేవాడు ఇవ్వాలా వద్దా అని నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆ తల ఎలా ఊగిందో నాకు తెలియదు.

"ఇగ అధ్యక్షుణ్ని అడుగుతున్న. అంతకుముందు మూడేండ్లది ఎవరిది?"

రాంప్రసాద్ ముఖం వాడిపోయింది. పెదవులు కదిలాయి. ఆయన జవాబులన్నీ నేనే కాగితం మీద రాసి ముందు పెడతాను, ఈసారి అక్కడ కాగితం లేదు. చివరికి ఆయన లేచి, అతిథుల కోసం తెప్పించిన శాలువాల్లోంచి ఒకటి తీసుకుని వేదిక దిగాడు. నేరుగా ఆగయ్య దగ్గరికి పోయి శాలువా కప్పి, గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నటన కావని ప్రమాణం చేసి చెప్పగలను. హాలంతా చప్పట్లు. బాలవ్వ మోకాలి మీద ఒక చేత్తో చప్పట్లు కొట్టింది. ఎవరో భోజనాలకు లేవమన్నారు.

ఆగయ్య అన్నం ముందు కూర్చుని కూడా తినలేదు. శాలువాను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని అలవాటుగా చూస్తూ ఉన్నాడు. నేను పక్కకు పోయి కూర్చున్నాను.

"నరహరీ, జవాబు జెప్పిండా?"

చెప్పాడని అనిపించింది. చెప్పలేదని కూడా అనిపించింది. సాంబారు పోయించుకో అన్నాను.

నివేదికలో బాలవ్వ వాక్యం కొట్టేశాను. మూడు రోజుల తర్వాత రాంప్రసాద్ పుస్తకం మీద సంతకానికి దుకాణానికి వచ్చాడు. పదకొండేళ్లలో ఎప్పుడూ చదవకుండానే సంతకం పెట్టిన మనిషి, ఆ రోజు కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. ఆగయ్య ప్రశ్న, ఆగయ్య జవాబు చదివాడు. రెండో ప్రశ్న చదివాడు. దాని కింద నేను ఖాళీ వదిలాను. ఇది ఎందుకు ఖాళీగా ఉందని అడిగాడు. మీరేమీ చెప్పలేదు, శాలువా కప్పారు అన్నాను. కావాలంటే ఎప్పటిలా చూద్దాం అని రాస్తానన్నాను. ఆయన ఆ ఖాళీ మీద వేలు పెట్టాడు.

"అయింది అయినట్టు రాయి" అన్నాడు.

రాశాను. అధ్యక్షుల జవాబు: శాలువా కప్పారు. ఆయన దాని కిందే సంతకం పెట్టి, కారెక్కి వెళ్లిపోయాడు. అది తప్పు ఒప్పుకోవడమా, లేక నన్నేం చేస్తారనే తెగింపా? ఎన్నిసార్లు చదివినా నాకు తెలియలేదు. మర్నాడే ఆయన పంపిన వెల్డింగు మనిషి వచ్చి రెయిలింగు బిగించాడు. ఒక అతుకు సరిగా లేదని ఆగయ్య అన్నాడు, కానీ తిప్పి పంపలేదు. ఇన్‌చార్జి పని చేస్తానుగానీ కుర్చీలో కూర్చోనని కమిటీకి చెప్పేశాడు. నా దగ్గరికి వచ్చి ఆ పేజీ చదివి, జేబులోంచి ఎర్ర నూలు తీసి, పుస్తకం కుట్టులోంచి దూర్చి ఆ పేజీ పక్కన ముడివేశాడు. దేనికో ఆయనకూ తెలుసో లేదో.

నెలన్నర తర్వాత బాలవ్వ వచ్చింది. కట్టు విప్పారు, వేళ్లు ఇంకా పూర్తిగా మడవడం లేదు. మనవరాలు సంగీత పెళ్లి కార్డు వేయించాలి. నేను తారీఖు, వారం క్యాలెండర్‌లో రెండుసార్లు సరిచూసుకుంటున్నాను. ఆమె చూపు బల్ల మీది పుస్తకం మీద పడింది. అంచున ఎర్ర దారం వేలాడుతోంది. ఆ బిగుసుకుపోయిన చెయ్యి మెల్లగా నడుము దగ్గరి కత్తెర వైపు పోయి, మధ్యలో ఆగింది.

"నరహరీ, గిది పెట్టిందా, మిగిలిందా?"

"పెట్టిందే అవ్వా. ఉండనీ."